గ్యాస్ బిళ్ల రోజూ వేసుకోవచ్చా?

“పొద్దున్నే ఒక గ్యాస్ బిళ్ల పడకపోతే నాకు రోజు గడవదండి. ఇలా రోజూ వేసుకోవచ్చా? కిడ్నీలు పోతాయంటున్నారు, నిజమేనా?”

జంగారెడ్డిగూడెంలో డాక్టరుగారి గది ముందు వంతు కోసం కూర్చున్న చాలామంది మనసులో ఉండే ప్రశ్న ఇది. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, కొయ్యలగూడెం వైపు పల్లెలవాళ్లు వైద్యానికైనా మందులకైనా ఈ ఊరికే వస్తారు. వర్జీనియా పొగాకు క్యూరింగ్ రోజుల్లో బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని వేళ తప్పి తినేవాళ్లకు, తిన్న వెంటనే నడుం వాల్చేవాళ్లకు, ఒళ్లునొప్పుల బిళ్ల వేసుకోనిదే పనిలోకి దిగలేనివాళ్లకు గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు కొత్తేమీ కాదు. మందుల షాపుకెళ్లి “ఒక పాన్-డి ఇవ్వండి” అంటే చాలు, అట్ట చేతిలో పడుతుంది. చట్టం ప్రకారం ఇవి చీటీ మీద ఇవ్వాల్సిన మందులే అయినా, చీటీ అడిగేవాళ్లు తక్కువ.

ఇంత తేలిగ్గా దొరికే మందును కొందరు ఏళ్ల తరబడి అలవాటుగా మింగుతున్నారు. మరికొందరు వాట్సాప్‌లో ఏదో చదివి బెదిరిపోయి, నిజంగా అవసరమైనప్పుడు కూడా మానేస్తున్నారు. ఇద్దరికీ నష్టమే. ఇది మంచి మందు. అయితే ఎందుకు వేసుకుంటున్నామో, ఏ వేళకు వేసుకోవాలో, ఎన్నాళ్లకు ఆపాలో మొదటిరోజే తెలిసుండాలి. ఈ మూడూ తెలిస్తే భయపడాల్సింది చాలా తక్కువ.

కడుపులో ఆమ్లం ఎందుకు?

మన జీర్ణాశయం రోజుకు సుమారు రెండు లీటర్ల జఠరరసం ఊరిస్తుంది. అందులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం ప్రౌట్ ప్రకటించాడు. అది నిమ్మరసం కన్నా ఘాటైన పులుపు. అంత ఘాటు ఊరికే లేదు. పప్పులో, గుడ్డులో, చేపలో ఉన్న మాంసకృత్తులు జీర్ణం కావడం ఈ పులుపులోనే మొదలవుతుంది. నీటితో, తిండితో లోపలికి పోయే సూక్ష్మజీవుల్లో చాలావరకు ఇక్కడే చచ్చిపోతాయి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలన్నా, మాంసం, పాలలోని బి12 విటమిన్ ఆహారం నుంచి విడివడాలన్నా ఆమ్లం కావాలి.

కాబట్టి ఆమ్లాన్ని మొత్తంగా తుడిచిపెట్టడం మన లక్ష్యం కాకూడదు. అది ఉండాల్సిన చోట ఉంటే మేలే చేస్తుంది. జీర్ణాశయం లోపలి గోడకు దట్టమైన జిగురు పొర కాపలా ఉంటుంది. అన్నవాహికకు అంతటి రక్షణ లేదు. ఆమ్లం అక్కడికి ఎగదన్నితే మంట పుడుతుంది.

ఒకే మందు, వేర్వేరు జబ్బులు

అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఒక కండరం బిగువుగా మూసుకుని ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. ఆ బిగువు సడలితే పులుపు పైకి వస్తుంది. దీన్ని వైద్యులు రిఫ్లక్స్ అంటారు. పొట్ట పెరగడం, గర్భం, కడుపునిండా తిని వెంటనే పడుకోవడం దీన్ని పెంచుతాయి. చుట్ట, బీడీ, సిగరెట్, మద్యం ఆ కండరాన్ని వదులు చేస్తాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మందుల వల్ల కూడా కొందరిలో ఇలా జరుగుతుంది.

అల్సర్ వేరే జబ్బు. అది జీర్ణాశయంలోనో, దాన్ని ఆనుకుని ఉన్న పేగు మొదట్లోనో పడే పుండు. ఆలోచనలు ఎక్కువై, కారం ఎక్కువై అల్సర్ వస్తుందని చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు చాలా అల్సర్ల వెనక హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను పెంచిన ద్రవాన్ని తానే తాగి, జీర్ణాశయపు వాపు తెచ్చుకుని రుజువు చేశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అల్సర్‌కు రెండో పెద్ద కారణం నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ జీర్ణాశయపు రక్షణ పొరను బలహీనం చేస్తాయి.

ఇక తిన్నాక పొట్ట ఉబ్బరించడం, అపానవాయువు మూడో సంగతి. అది ఎక్కువగా పేగుల్లో పుట్టే గాలి. ఆమ్లం తగ్గించినంత మాత్రాన అది తగ్గదు. పొట్ట ఉబ్బరానికి ఏళ్ల తరబడి ప్యాంటోప్రజోల్ అనే గ్యాస్ బిళ్ల మింగుతూ “పని చేయట్లేదండి” అని మోతాదు పెంచుకునేవాళ్లు, తమది కాని జబ్బుకు మందు వాడుతున్నారన్నమాట.

బ్యాక్టీరియా వల్ల వచ్చిన అల్సర్‌కు రెండు వారాల యాంటీబయాటిక్ వైద్యం చేస్తే జబ్బు మూలంతో సహా పోతుంది. దాన్ని గుర్తించకుండా గ్యాస్ బిళ్లతో నెట్టుకొస్తే మంట అణిగి, పుండు పదే పదే తిరగబెడుతుంది. ఈ బ్యాక్టీరియా కోసం మలం పరీక్షో, శ్వాస పరీక్షో చేయించేముందు రెండు వారాలపాటు ప్యాంటోప్రజోల్ వంటి మందులు ఆపాలి. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని ఫలితం రావచ్చు.

మూడు రకాల మందులు

మెట్ట రైతుకు బోరు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. చేలోకి నీళ్లు ఎక్కువ వస్తున్నాయనుకోండి. నిలిచిన నీటిని తోడిపోయొచ్చు. మోటారు స్టార్టర్‌ను కట్టేయొచ్చు. అసలు మోటారే తిరగకుండా చేయొచ్చు. ఆమ్లాన్ని తగ్గించే మందులూ సరిగ్గా ఈ మూడు పనులే చేస్తాయి.

జీర్ణాశయపు గోడలో ఆమ్లం ఊరించే కణాలు ఉంటాయి. ఒక్కో కణంలో అతి చిన్న పంపులు లెక్కలేనన్ని. వాటికి స్టార్టర్లు మూడు: హిస్టమిన్ అనే రసాయనం, గాస్ట్రిన్ అనే హార్మోన్, నాడుల చివర విడుదలయ్యే అసిటైల్‌కోలిన్. అన్నం వాసన తగలగానే, ముద్ద నోట్లో పడగానే ఈ స్టార్టర్లు ఒక్కొక్కటిగా పడతాయి.

మొదటి రకం మందు నీళ్లు తోడే పని చేస్తుంది. డైజీన్, జెలూసిల్ లాంటి యాంటాసిడ్లలో అల్యూమినియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. అప్పటికే ఊరిన ఆమ్లాన్ని విరిచేస్తాయి. నిమిషాల్లో హాయి, కాని గంటో రెండు గంటలో మాత్రమే. ఎప్పుడో ఒకసారి వచ్చే మంటకు ఇవి చాలు. వంటసోడా, ఈనో కూడా ఈ కోవలోవే. వాటిలో సోడియం ఎక్కువ కాబట్టి బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు వాటి జోలికి పోకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు అల్యూమినియం, మెగ్నీషియం యాంటాసిడ్లు కూడా అడగకుండా తాగకూడదు.

రెండో రకం స్టార్టర్‌ను కట్టేస్తుంది, మూడింటిలో ఒక్కదాన్నే. హిస్టమిన్‌ను అడ్డుకునే ఈ మందుల్లో మొదటిది సిమెటిడిన్. స్కాట్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ బృందం కనిపెట్టగా 1976లో బజారుకు వచ్చింది. అంతకుముందు అల్సర్‌కు కడుపు కోయించుకోవలసి వచ్చినవాళ్లలో ఎంతోమంది బిళ్లలతో బయటపడ్డారు. 1988లో బ్లాక్‌కు నోబెల్ వచ్చింది. ఫామోటిడిన్, రానిటిడిన్ ఈ కుటుంబంలోవే. గంటలోపు పని మొదలుపెట్టి సుమారు పది గంటలు ఉంటాయి. రాత్రిపూట మంటకు బాగా పనికొస్తాయి. రోజూ వాడుతూ పోతే ఒకటి రెండు వారాల్లో పదును తగ్గుతుంది. మిగతా రెండు స్టార్టర్లు పనిచేస్తూనే ఉంటాయి కదా.

మూడో రకం మోటారునే ఆపేస్తుంది. ఒమెప్రజోల్, ప్యాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఇవన్నీ పంపు నిరోధకాలు. చీటీ మీద “పీపీఐ” అని రాసేది వీటినే. ఏ స్టార్టర్ పడినా మోటారు తిరగదు కాబట్టి వీటి బలం ఎక్కువ. స్వీడన్‌లో 1979లో తయారైన ఒమెప్రజోల్ 1988లో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చేది. దాంతో మన కంపెనీలు సొంత పద్ధతిలో దీన్ని చౌకగా తయారుచేశాయి. కల్లం అంజిరెడ్డి 1984లో హైదరాబాద్‌లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ వారి ‘ఒమెజ్’ ఊరూరా తెలిసిన పేరైంది. సామాన్యుడికి అల్సర్ వైద్యం అందుబాటులోకి రావడం చిన్న సంగతి కాదు. ఆ చౌకదనమే ఇవాళ అతివాడకానికీ దారి తీసింది.

రానిటిడిన్ గురించి ఒక మాట. జింటాక్, రాంటాక్, అసిలాక్ పేర్లతో దశాబ్దాలు వాడిన మందు ఇది. 2019 సెప్టెంబరులో ఇందులో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ కలిగించే అవకాశమున్న మలినం కనబడింది. డాక్టర్ రెడ్డీస్ సహా పలు కంపెనీలు అమెరికా బజారు నుంచి తమ సరుకు వెనక్కి తీసుకున్నాయి. నిల్వ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ ఈ మలినం పెరుగుతుందని తేలడంతో 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ సంస్థ దాన్ని పూర్తిగా తొలగించమంది. మన దేశంలో నిషేధించలేదు గాని, 2022 సెప్టెంబరులో అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి తీసేశారు. ఇంట్లో పాత రానిటిడిన్ అట్ట ఉంటే వాడకండి. దాని బదులు ఏం వాడాలో డాక్టరును అడగండి, ఫామోటిడిన్‌లో ఈ ఇబ్బంది కనబడలేదు.

ఏ వేళకు, ఎన్నాళ్లు

పంపు నిరోధకం తిరుగుతున్న మోటారునే పట్టుకోగలదు. ఆగి ఉన్న మోటారు మీద దాని ప్రభావం ఉండదు. మందు రక్తంలో ఉండేది రెండు మూడు గంటలే. ఆ కాసేపట్లోనే పంపులు పనిలోకి దిగాలి. అందుకే ఈ బిళ్లను టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకుని, తర్వాత తప్పకుండా తినాలి. పొద్దున్నే బిళ్ల మింగి, టీ ఒక్కటి తాగి, మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే మందు చాలావరకు వృథా. అన్నం తిన్నాక వేసుకున్నా అంతే.

ఒకసారి పట్టుకున్న పంపును మందు వదలదు. ఒళ్లు కొత్త పంపులను తయారుచేసుకునేదాకా ఆ ప్రభావం ఉంటుంది. కాబట్టి రక్తంలో మందు లేకపోయినా రోజంతా పనిచేస్తుంది. కాని మొదటిరోజే పంపులన్నీ దొరకవు. పూర్తి ఫలితం కనబడడానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. ఒక్క బిళ్లకు తగ్గలేదని రెండు మూడు వేసుకోవద్దు. క్యాప్సూల్ లోపలి గుళికలను నమలకూడదు, బిళ్లను నూరకూడదు. ఆమ్లంలో ఈ మందు చెడిపోతుంది, పై పూత దాన్ని కాపాడుతుంది.

ఎన్నాళ్లు? మామూలు రిఫ్లక్స్‌కు నాలుగు నుంచి ఎనిమిది వారాలు. అమెరికాలో చీటీ లేకుండా అమ్మే ఒమెప్రజోల్ అట్ట మీద 14 రోజులకు మించి వాడవద్దని, నాలుగు నెలలలోపు మళ్లీ మొదలుపెట్టవద్దని రాసి ఉంటుంది. మనం కూడా ఆ హద్దు పాటించడం మంచిది. రెండు వారాలకు మంట తగ్గకపోతే కావలసింది డాక్టరు పరీక్ష, ఇంకో అట్ట కాదు.

పాన్-డి సంగతి వేరుగా చెప్పుకోవాలి. అందులో ప్యాంటోప్రజోల్‌తోపాటు డోంపెరిడోన్ కూడా ఉంటుంది. డోంపెరిడోన్ వికారానికి, వాంతులకు వాడే మందు. కొందరిలో, ముఖ్యంగా పెద్ద వయసువారిలో, గుండె లయ తప్పించవచ్చు. 2014లో యూరప్ ఔషధ సంస్థ దీన్ని వారానికి మించి వాడకుండా చూడమంది. వికారం లేనివాళ్లు ఏళ్ల తరబడి పాన్-డి మింగడంలో అర్థం లేదు. మంట ఒక్కటే ఉంటే ప్యాంటోప్రజోల్ ఒక్కటే చాలునా అని అడగండి.

మిగతా మందులతో పేచీ కూడా ఉంది. గుండెలో స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ వాడకూడదు, అవి క్లోపిడోగ్రెల్ పని తగ్గిస్తాయి. వాళ్లకు సాధారణంగా ప్యాంటోప్రజోల్ ఇస్తారు. పంపు నిరోధకాల వల్ల థైరాయిడ్ బిళ్ల, ఐరన్ బిళ్ల ఒంటికి పట్టడం తగ్గవచ్చు. యాంటాసిడ్ తాగితే డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌కు కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. గర్భిణులు మొదట తిండి, పడక మార్పులతో చూసుకుని, ఆపైన డాక్టరు చెప్పిన మందే వాడాలి.

ఏళ్ల తరబడి వాడితే?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కిడ్నీలు పోతాయా? కొద్దిమందిలో ఈ మందుల వల్ల కిడ్నీలో ఉన్నట్టుండి వాపు రావడం నిజం. 2019లో మన దేశపు ఔషధ నియంత్రణ అధికారులు ఈ హెచ్చరికను మందు వివరాల కాగితంలో ముద్రించమన్నారు. అది అరుదు. మూత్రం తగ్గడం, కాళ్ల వాపు, జ్వరంతో దద్దుర్లు కనబడితే మందు ఆపి వెంటనే చూపించుకోవాలి.

ఎముకలు విరగడం, మతిమరుపు, గుండెజబ్బు అంటూ వచ్చిన వార్తల్లో చాలావరకు, మందు వాడినవాళ్ల వివరాలను తర్వాత లెక్కించి చెప్పినవి. ఏళ్ల తరబడి గ్యాస్ బిళ్ల వాడేవాళ్లు సాధారణంగా వయసులో పెద్దవాళ్లు, ముందే రకరకాల జబ్బులున్నవాళ్లు. వాళ్లకు వచ్చిన కష్టం మందు వల్లనా, ముందున్న జబ్బు వల్లనా అనేది అలాంటి లెక్కల్లో తేలదు. 2019లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో 17,598 మందిని విభజించి కొందరికి ప్యాంటోప్రజోల్, కొందరికి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి దాదాపు మూడేళ్లు గమనించారు. స్పష్టంగా ఎక్కువ కనబడింది పేగుల ఇన్ఫెక్షన్లు. మందు వాడినవారిలో నూటికి 1.4, వాడనివారిలో నూటికి ఒకరు. ఆమ్లం సూక్ష్మజీవులను చంపుతుందని పైన చెప్పుకున్నాం కదా, ఇది అందుకే.

అలాగని పట్టించుకోకుండా ఉండకూడదు. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో మెగ్నీషియం తగ్గి కండరాలు పట్టేయడం, బి12 తగ్గి తిమ్మిర్లు, నీరసం రావడం ఉన్నాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ కూడా వాడుతుంటే బి12 ఇంకా తగ్గే వీలుంది. మాంసం, చేప ముట్టనివాళ్లు మరీ జాగ్రత్తపడాలి. దీర్ఘకాలం ఈ మందు వాడాల్సినవాళ్లు బి12, మెగ్నీషియం పరీక్షల గురించి డాక్టరును అడగాలి.

దీర్ఘకాలం వాడాల్సినవాళ్లూ ఉన్నారు. అన్నవాహికలో తీవ్రమైన పుళ్లు పడినవాళ్లు, ఒకప్పుడు అల్సర్ నుంచి రక్తం పోయి ఇప్పటికీ ఆస్పిరిన్ వాడక తప్పనివాళ్లు, కీళ్లవాతానికి రోజూ నొప్పిమందు వాడే పెద్దవాళ్లు ఈ కోవలోకి వస్తారు. వీళ్లకు ఈ బిళ్ల ప్రాణరక్షణ. ఎవరో చెప్పారని మానేస్తే రక్తస్రావం ముంచుకు రావచ్చు.

ఆపేటప్పుడు మంట ఎందుకు తిరగబడుతుంది?

“మానేద్దామని చూశానండి, నాలుగురోజులకే మంట మొదలైంది. ఇక జీవితాంతం తప్పదేమో” అనేవాళ్లు ఎంతోమంది. డెన్మార్క్ పరిశోధకులు 2009లో దీనికి జవాబు చూపారు. ఏ కడుపుమంటా లేని 120 మందిని తీసుకుని కొందరికి ఎనిమిది వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపేశారు. అప్పటిదాకా మంటే ఎరగనివారిలో నూటికి 44 మందికి మందు ఆపాక మంట, పులుపు మొదలయ్యాయి. ఉత్తుత్తి బిళ్ల తిన్నవారిలో నూటికి 15 మందికే.

మోటార్లు ఆగిపోయినప్పుడు ఒళ్లు ఊరుకోదు. గాస్ట్రిన్‌ను పెంచి, స్టార్టర్ గట్టిగా నొక్కుతూనే ఉంటుంది. మందు ఆపగానే మోటార్లన్నీ ఒక్కసారి జోరుగా తిరుగుతాయి. ఇది జబ్బు ముదరడం కాదు, కొన్ని వారాల్లో సద్దుమణిగే తిరుగుదెబ్బ. అందుకని నెలల తరబడి వాడినవాళ్లు డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా దిగడం మేలు. మోతాదు సగం చేసి రెండు వారాలు, తర్వాత రోజు విడిచి రోజు, ఆపైన మంట వచ్చినప్పుడు యాంటాసిడో, ఫామోటిడినో.

దిగే రోజుల్లో పడక, తిండి మార్చితే మందు అవసరం తగ్గుతుంది. రాత్రి భోజనానికీ పడుకోవడానికీ మూడు గంటల ఎడం ఉంచండి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి జానెడు ఎత్తు చేయండి. తలగడలు పేర్చడం వల్ల పొట్ట మడతపడి మంట ఎక్కువవుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి. పొట్ట తగ్గించండి, చుట్ట, బీడీ మానండి. ఆవకాయ, గోంగూర, వేపుళ్లు, పరగడుపు కాఫీలలో ఏది పడదో మనిషికో రకం. అన్నీ మానక్కర్లేదు, మీకు పడనిదాన్ని గుర్తుపట్టి తగ్గిస్తే చాలు.

బిళ్లతో సరిపెట్టకూడని మంటలు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఛాతీ మధ్యలో బరువు, నొక్కినట్టు నొప్పి, అది ఎడమచేతికో దవడకో వీపుకో పాకడం, చెమటలు పట్టడం, ఆయాసం ఉంటే అది గ్యాస్ కాదు, గుండెపోటు కావచ్చు. షుగరున్నవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పి సరిగ్గా తెలియకుండా ఒట్టి మంటలా, వికారంలా కూడా రావచ్చు. “గ్యాస్ పట్టిందిలే” అని సోడా తాగి, బిళ్ల మింగి తెల్లారేదాకా చూసిన ఇళ్లలో కన్నీళ్లు మిగిలాయి. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటల్లోనే బాగా పనిచేస్తుంది. 108కి ఫోన్ చేయండి, దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీయించండి. అది గ్యాసే అని తేలితే పోయేదేమీ లేదు.

మింగుడు పడకపోవడం, రక్తం కక్కుకోవడం, తారులా నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు, రక్తహీనత, యాభై అయిదు దాటాక కొత్తగా మొదలైన మంట ఉంటే ఎండోస్కోపీ గురించి డాక్టరు నిర్ణయించాలి. బిళ్ల వాడితే జీర్ణాశయ క్యాన్సర్‌లో కూడా మంట కొన్నాళ్లు అణుగుతుంది. ఆ కొన్నాళ్లే వైద్యానికి విలువైన కాలం.

ఈసారి చీటీ మీద గ్యాస్ బిళ్ల కనబడితే డాక్టరుగారిని మూడు మాటలు అడగండి: ఇది నా ఏ జబ్బుకు? తిండికి ఎంత ముందు? ఏ తేదీకి ఆపాలి? ఆపే తేదీని అట్ట మీదే రాయించుకోండి. నొప్పి బిళ్లలు అలవాటుగా వాడుతుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి, ఎందుకంటే మంటకు మూలం చాలాసార్లు అక్కడే ఉంటుంది. అలా అడిగి వాడేవాళ్లకు ఈ మందు మంచి తోడు.